ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న వాదనకు ముందు ఫుటేజ్‌ను చూడాలి

మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు దగ్గరపడేసరికి అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల మిక్సింగ్ సెంటర్లలో, అంటే వీడియో ఎడిటింగ్ దుకాణాలలో, ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మంచిదన్న పాత వాదన మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. ఎడియస్‌పై చేయి తిరిగినవారు దానిని మించినది లేదంటారు. ప్రీమియర్ ప్రో నేర్చుకుని హైదరాబాదులో కొంతకాలం పనిచేసి వచ్చిన యువకులు ఎడియస్ కాలం చెల్లిందంటారు. రంగుల మీద మక్కువ ఉన్నవారు డావిన్చీ రిజాల్వ్ తప్ప మరొకటి పనికిరాదంటారు. పెళ్ళి వీడియోలు, ప్రభల తీర్థాలు, గుడి ఉత్సవాలు, ఊరి కుర్రవాళ్ళు తీసే లఘుచిత్రాలు ఎడిట్ చేసే వ్యక్తిగా నేను ఈ వాదనను శ్రద్ధగా వింటాను, పాల్గొంటాను కూడా. చిన్న దుకాణం ఏ కంప్యూటర్ కొనాలి, ఎంత అప్పు చేయాలి, పెళ్ళివారికి పెన్‌డ్రైవ్ ఎప్పటికి అందించగలదు అన్న విషయాలన్నీ ఈ ఎంపిక మీదే ఆధారపడి ఉంటాయి గనుక దీనిని ఊసుపోక మాటగా తీసిపారేయలేము. అయితే ఈ వాదన మొదలవవలసిన చోట మొదలవడం లేదని నా నమ్మకం. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏమేమి సదుపాయాలున్నాయని లెక్కపెట్టే ముందు, మన చేతికి వచ్చే ఫుటేజ్, అంటే కెమెరాలు తీసిన ముడి వీడియో, ఎలాంటిదో చూడాలి. దానిని చూసిన తరువాత ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ముందుగా ఎడియస్ సంగతి చెప్పాలి. దానిని చిన్నచూపు చూడడం ఈమధ్య అలవాటైంది, అది న్యాయం కాదు. జపాన్‌లోని కోబే నగరానికి చెందిన కానోపస్ సంస్థ తయారు చేసి, తరువాత గ్రాస్ వ్యాలీ చేతికి వెళ్ళిన ఈ సాఫ్ట్‌వేర్ మన ప్రాంతపు పెళ్ళి వీడియో రంగంలో పాతుకుపోవడానికి గట్టి కారణమే ఉంది. వేర్వేరు కెమెరాల నుంచి వచ్చిన వేర్వేరు రకాల ఫైళ్ళను ఒకే టైమ్‌లైన్ (ముక్కలను వరుసగా అమర్చే పట్టీ) మీద వేసి, ముందుగా రెండర్ చేయకుండానే, అంటే కంప్యూటర్ లెక్కకట్టి కొత్త ఫైలు తయారు చేసే దాకా ఆగకుండానే, నేరుగా ప్లే చేసి చూసుకోగల శక్తి దానికి మొదటి నుంచీ ఉంది. పెళ్ళికూతురిని చేయడం నుంచి అప్పగింతల దాకా మూడు గంటలపాటు సాగే ట్రెడిషనల్ వీడియోను, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌పై, రెండు రోజుల్లో ముగించవలసిన మనిషికి అంతకంటే కావలసినది ఏముంటుంది? పాలకొల్లులో చాలా ఏళ్ళుగా మిక్సింగ్ చేస్తున్న ఒక పెద్దాయనను, రిజాల్వ్‌కు ఎందుకు మారలేదని నేను అడిగినప్పుడు ఆయన, "ఆయ్, నాకు రంగులు కాదండి బాబూ, రేపు పొద్దున్నకి కేసెట్టు కావాలండి" అని జవాబిచ్చారు. కేసెట్లు పోయి ఎంతో కాలమైనా ఆ మాట ఆయన నోట నిలిచిపోయింది. ఆయన లెక్క మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైనది.

ప్రీమియర్ బలం మరొకటి. అడోబీ సంస్థ 1991లో మొదటి ప్రీమియర్‌ను, 2003లో ప్రీమియర్ ప్రోను విడుదల చేసింది. అదే సంస్థకు చెందిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ఫోటోషాప్‌లతో దానికున్న అనుసంధానం వల్ల, టైటిళ్ళూ మోషన్ గ్రాఫిక్స్ ఎక్కువగా ఉండే పనికి, ఒకరు మొదలుపెట్టిన ప్రాజెక్టును మరొకరు అందుకోవలసిన చోటికి అది చక్కగా సరిపోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేయాలనుకునే కుర్రవాడికి నేను మొదట దానినే నేర్చుకోమంటాను. అయితే 2013 నుంచి అడోబీ తన కొత్త రూపాలను చందా పద్ధతిలోనే ఇస్తున్నది. ఏడాదిలో కొన్ని నెలలే ముహూర్తాలుండి, ఆషాఢంలోనూ మూఢం రోజుల్లోనూ రాబడి లేని దుకాణానికి, నెలనెలా కట్టే చందా నిజమైన భారం. ఆ భారం తప్పించుకోవడానికి క్రాక్ చేసిన కాపీలు వాడేవారు మనలో తక్కువేమీ కాదు. నేను వాటిని గట్టిగా వద్దంటాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ప్రోగ్రామును పెళ్ళివారి ఫుటేజ్ ఉన్న కంప్యూటర్‌లోకి రానివ్వడం అంటే, మళ్ళీ తీయడానికి వీలులేని వస్తువును పరాయివాడి చేతికి ఇవ్వడమే. ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఉన్నప్పుడు ఆ అవసరం ఏముంది?

అలా దొరికేవాటిలో రిజాల్వ్ అన్నిటికంటే పెద్దది. సినిమాలకు రంగులు సరిచేసే యంత్రాలు తయారు చేసిన డావిన్చీ సిస్టమ్స్‌ను ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొన్నది. ఆ తరువాత రంగుల సాఫ్ట్‌వేర్‌గా ఉన్న రిజాల్వ్ క్రమంగా ఎడిటింగ్, శబ్దం, ఎఫెక్ట్స్ అన్నీ ఒకేచోట చేయగల సాధనంగా ఎదిగింది. ఫెయిర్‌లైట్ అనే శబ్ద విభాగం 2017లో దానిలో చేరింది. 3840×2160 పరిమాణం, సెకనుకు 60 ఫ్రేముల వరకు ఉచిత రూపంలోనే పని పూర్తి చేయవచ్చు. స్టూడియో రూపాన్ని ఒకసారి కొంటే చాలు, నెలనెలా చందా ఉండదు. దాని ప్రకటిత ధర 295 డాలర్లు. అయితే ఉచిత రూపానికి ఉన్న హద్దులు తెలియకుండా దానిలోకి దిగినవారు త్వరగా విసుగెత్తి వెనక్కి వస్తారు. బొమ్మలోని నాయిస్ (గరుకు చుక్కలు) తగ్గించే సాధనం స్టూడియోలో మాత్రమే ఉంది. కొత్త కెమెరాలు ఇచ్చే, రంగులను మరింత వివరంగా దాచే పది బిట్ల ఫైళ్ళలో కొన్నింటిని విండోస్‌పై ఉచిత రూపం తెరవదు. లైనక్స్‌పైనైతే మామూలు కెమెరాలు ఇచ్చే హెచ్.264 ఫైళ్ళనే అది చదవదు. లైనక్స్ వాడేవారికి కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉన్నాయి. చిన్న పనులకు, విద్యార్థులకు అవి చాలు. ఫైనల్ కట్ ప్రో యాపిల్ పరికరాలపైనే నడుస్తుంది గనుక, మ్యాక్ ఉన్నవారికి అది మంచి సాధనమని చెప్పి ముందుకు సాగుతాను.

ఇక ఫుటేజ్ దగ్గరకు వద్దాం. అసలు వాదన ఇక్కడే జరగాలి.

మన గోదావరి డెల్టాలో ఒక పెళ్ళికి సాధారణంగా రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్, వాటికి తోడు పెళ్ళివారి బంధువులు ఫోన్లలో తీసి పంపినవి వస్తాయి. వీటిలో అధికభాగం హెచ్.264 లేదా హెచ్.265 పద్ధతిలో కుదించినవే. ఈ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొన్నింటిని మాత్రమే పూర్తిగా దాచి, మధ్యలో వచ్చేవాటిలో ముందువాటికీ తరువాతివాటికీ ఉన్న తేడాను మాత్రమే నమోదు చేస్తారు. అందువల్ల ఎడిటర్ టైమ్‌లైన్‌పై ఎక్కడో ఒకచోట వేలు పెట్టినప్పుడు, కంప్యూటర్ వెనక్కి వెళ్ళి పూర్తి ఫ్రేమును వెతికి, అక్కడి నుంచి లెక్కకట్టుకుంటూ ఆ ఒక్క ఫ్రేము దాకా రావాలి. "రిజాల్వ్ హ్యాంగ్ అయిపోతోందండి మాస్టారూ" అని మా దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు అన్నప్పుడల్లా నేను ముందు ఫైలు ఏ రకమో చూడమంటాను. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తయారు చేసుకునే తేలికైన నకళ్ళు, చేసుకుంటే ఈ బాధ దాదాపు పోతుంది. యాపిల్ వారి ప్రోరెస్ పద్ధతిలోని ప్రాక్సీ రకంలో 1080 పరిమాణం, సెకనుకు 25 ఫ్రేముల వీడియో గంటకు సుమారు 17 జీబీ తీసుకుంటుంది. అదే పూర్తి ప్రోరెస్ 422లో అయితే సుమారు 55 జీబీ అవుతుంది. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు తయారవడానికి పెట్టి, పొద్దున్నే ఎడిటింగ్ మొదలుపెట్టగల దుకాణం, ఖరీదైన కంప్యూటర్ లేకున్నా రిజాల్వ్‌లోనూ ప్రీమియర్‌లోనూ సుఖంగా పనిచేయగలదు. ఆ రాత్రి వ్యవధి కూడా లేనివారికి ఎడియస్ ఇప్పటికీ మంచిదే. వాదనలో సగం ఇక్కడ తేలిపోతుంది.

ఫ్రేముల లెక్క మరొక చిక్కు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది. కల్యాణ మండపంలోని చాలా దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంటాయి. సెకనుకు 25 లేదా 50 ఫ్రేములతో, షటర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచి తీస్తే ఆ ఆట కనిపించదు. 30 ఫ్రేములతో, 1/60 షటర్‌తో తీసినప్పుడు సీరియల్ లైట్ల వెలుగు అలలు అలలుగా కదులుతూ కనబడుతుంది. దానిని తరువాత ఏ ప్లగిన్‌తో సరిచేసినా పూర్తిగా పోదు. ఒక కెమెరా 25తోనూ, డ్రోన్ 30తోనూ తీస్తే, 25 ఫ్రేముల టైమ్‌లైన్‌పై డ్రోన్ షాట్‌లో సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోయి, కాలువ మీదుగా మెత్తగా సాగవలసిన కదలిక కుదుపులతో కనిపిస్తుంది. దానిని 25/30 వంతు వేగానికి తగ్గించి వాడితే ఒక్క ఫ్రేమూ పోదు, డ్రోన్ షాట్‌కు ఆ కొద్దిపాటి నెమ్మది అందం కూడా తెస్తుంది. ఫోన్లలో మరో సంగతి ఉంది. చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు. ఆ ఫైళ్ళను నేరుగా టైమ్‌లైన్‌లో వేస్తే, మొదట్లో సరిగానే ఉన్న మాట పది నిమిషాలు గడిచేసరికి పెదవుల కదలికకు దూరంగా జరుగుతుంది. ఆ ఫైళ్ళను ముందుగా స్థిరమైన వేగానికి మార్చుకున్న తరువాతే తాకాలని మా దగ్గర నియమం పెట్టుకున్నాం.

ఇంత చెప్పినా, చూసేవారి మనసును పట్టుకునేది శబ్దమేనని నేను గట్టిగా నమ్ముతాను. మన పెళ్ళి వీడియోలలో చాలా ఏళ్ళుగా ఒక అలవాటు పాతుకుపోయింది. అసలు శబ్దాన్నంతా తీసేసి, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేస్తారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ వీడియో చూసుకునే అమ్మాయికి కావలసినది ఆ పాట కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. పురోహితుడి సంకల్పం, అప్పగింతల వేళ తండ్రి పలికిన రెండు మాటలు, అమ్మమ్మ ఎవరినో పిలిచిన కేక, ఇవి మరెక్కడా దొరకవు. అందువల్ల నేను టైమ్‌లైన్‌పై మొదట శబ్దాన్నే అమరుస్తాను, దాని మీద బొమ్మను పేర్చుతాను.

జీలకర్ర బెల్లం ఘట్టాన్నే తీసుకోండి. మేనమామలు పెళ్ళికూతురిని బుట్టలో తీసుకువస్తారు, మధ్యలో అడ్డుతెర పట్టుకుంటారు, లగ్నం సమీపించేకొద్దీ పురోహితుడి గొంతు పెరుగుతుంది, ఒక్కసారిగా గట్టిమేళం మోగుతుంది. ఇక్కడ గట్టిమేళాన్ని, బొమ్మ మారడానికి అర సెకను ముందే వినిపించాలి. తెర ఇటువైపున పెళ్ళికొడుకు ముఖం ఇంకా కనిపిస్తుండగానే మేళం అందుకుంటే, చూసేవారి చెవి ముందు లేస్తుంది, కన్ను తరువాత అక్కడికి చేరుతుంది. దీనినే ఎడిటర్లు జే కట్ అంటారు. బొమ్మ మారిన తరువాత కూడా పాత శబ్దం కొనసాగితే అది ఎల్ కట్. ఈ రెండూ ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ, ఫోన్‌లో వాడే కైన్‌మాస్టర్‌లో కూడా, చేయవచ్చు. వందల రూపాయలు పెట్టి కొన్న ట్రాన్సిషన్ల ప్యాకులలో ఏదీ ఈ అర సెకనుతో సరితూగదు.

సన్నాయి చాలా పదునైన వాద్యం. మాట స్పష్టతకు కీలకమైన 2000 నుంచి 4000 హెర్ట్జ్‌ల మధ్యనే దాని బలమూ ఉంటుంది గనుక, మంత్రమూ సన్నాయీ ఒకే మైకులో పడితే మంత్రం మునిగిపోతుంది. పురోహితుడికి విడిగా ఒక చిన్న కాలర్ మైకు పెట్టి రికార్డు చేసుకుంటే, తరువాత రెండు శబ్దాలనూ వేర్వేరుగా తూచుకోవచ్చు. శబ్దంపై ఇంత పని చేయదలచినవారికి రిజాల్వ్‌లోని ఫెయిర్‌లైట్ నిజంగా వరం. ఈ ఒక్క కారణంతోనే నేను లఘుచిత్రాలకూ హైలైట్స్ వీడియోలకూ రిజాల్వ్‌ను ఎంచుకుంటాను. చివరగా స్థాయి సంగతి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరదనాన్ని కొలిచే ప్రమాణం) కంటే బిగ్గరగా ఉన్న వీడియోలను తానే తగ్గిస్తుంది. గట్టిగా వినబడాలని శబ్దాన్ని పైకప్పు దాకా నొక్కి పెంచినవారికి దక్కేది పగిలిన గొంతులే.

కత్తిరింపులో నాకు అతి పెద్ద పాఠశాల కనుమనాటి ప్రభల తీర్థం. అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రాలు, భుజాల మీద కదిలివస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని చేలను తొక్కుకుంటూ వచ్చి, ఎగువ కౌశిక కాలువను నీటిలోకి దిగి దాటే ఘట్టం కోసం వేలమంది గట్టు మీద ఎదురుచూస్తారు. ఈ ఫుటేజ్‌ను నేటి పద్ధతిలో, రెండు సెకన్లకొక కట్‌తో, వేగం పెంచి తగ్గించే స్పీడ్ ర్యాంపులతో నింపిన వీడియోలు ప్రతి సంక్రాంతికీ ఎన్నో వస్తాయి. వాటిలో రంగులు కనిపిస్తాయి కానీ బరువు కనిపించదు. ప్రభ నీటిలోకి వంగి, మోసేవారి కాళ్ళు బురదలో జారి, "శరభా శరభా" అన్న కేకతో మళ్ళీ నిలబడే దాకా ఆ షాట్‌ను కోయకూడదు. అది ఇరవై సెకన్లు పట్టినా, నలభై పట్టినా అంతే. ఆ తరువాత గట్టు మీద ఉన్న ముసలమ్మ ముఖాన్ని మూడు సెకన్లు చూపితే, ఆమె ఏమి అనుభవించిందో చెప్పే పని ముందరి షాట్ చేసిపెడుతుంది. ముందూ వెనకా ఏ బొమ్మ ఉన్నదన్నదానిని బట్టి ఒకే ముఖానికి వేర్వేరు అర్థాలు వస్తాయని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ళ క్రితమే ప్రయోగంతో చూపించాడు. మన రాజమహేంద్రవరంలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు కావడానికి ముందు ఎడిటర్‌గా పనిచేశాడన్న సంగతి తెలిసినప్పటి నుంచి, ఈ పనిని కేవలం దుకాణపు పనిగా చూడవద్దని మా కుర్రవాళ్ళకు చెబుతుంటాను. ఆ రోజుల్లో ఫిల్మును నిజంగానే కత్తిరించి అతికించేవారు గనుక, కోసే ముందు ఆలోచించక తప్పేది కాదు.

రంగుల విషయంలో మన నేలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కొబ్బరితోటలో నిలబెట్టి తీసిన ప్రీవెడ్డింగ్ వీడియోలో, ఆకుల మీద నుంచీ గడ్డి మీద నుంచీ పడే పచ్చని వెలుగు ముఖాల మీద చేరి, మనుషులు జబ్బుపడినట్టు కనిపిస్తారు. వేరే దేశపు వాతావరణానికి తయారు చేసిన లట్‌ను (రంగులను ఒక్కసారిగా మార్చే సిద్ధపు ఫైలును) దాని మీద వేస్తే పచ్చదనం ముదిరి నీలం వైపు తిరుగుతుంది, చర్మం నారింజరంగుకు పోతుంది. నేను ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసి, వెక్టర్‌స్కోప్‌లో (బొమ్మలోని రంగులను కొలిచి చూపే చక్రంలో) చర్మం రంగుకు సూచించిన గీత దగ్గరకు ముఖాలను తెచ్చిన తరువాతే మిగిలినవి ముట్టుకుంటాను. ఇంకొక మాట, ఇది నాకు ముఖ్యమైనది. చామనచాయ ముఖాలను తెల్లగా చేసి చూపమని కొందరు అడుగుతారు, కొందరు ఎడిటర్లు అడగకుండానే చేస్తారు. నేను చేయను. వెలుగు సరిగా పడితే మన మేనిఛాయ ఎంతో అందంగా ఉంటుంది, ఆ అందాన్ని నిలపడమే రంగులు సరిచేసేవాని పని. ఈ పనిలో రిజాల్వ్‌కు సాటి వచ్చే సాఫ్ట్‌వేర్ నాకు తెలియదు.

తెలుగు అక్షరాల సంగతి ఈ వాదనలో ఎవరూ ఎత్తరు, ఎత్తవలసిందే. వధూవరుల పేర్లలో వత్తు విడిపోయి పక్కకు పడిన టైటిల్‌ను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మన దుకాణాలలో చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లతో పేర్లు కూర్చుతారు. అవి యూనికోడ్ పద్ధతిలో లేవు గనుక వాటి దారి వేరు. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, గిడుగు వంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రాధాన్యాల లోపల దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకుంటే వత్తులు సరిగా కూర్చుంటాయి. ఈ అమరిక ఉన్నదని తెలియకనే ప్రీమియర్‌కు తెలుగు రాదని తేల్చేసినవారు ఉన్నారు. మిగిలిన సాఫ్ట్‌వేర్లలో అనుమానం ఉన్నప్పుడు, పేర్లను మరో చోట కూర్చి, వెనుక రంగులేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి టైమ్‌లైన్‌పై పెట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

కాబట్టి కొత్తగా దుకాణం తెరిచేవారు నన్ను అడిగితే, ఎవరి మాటా వినకుండా ఒక చిన్న పరీక్ష పెట్టుకోమంటాను. తమ దగ్గరున్న ఫుటేజ్‌లో అతి కష్టమైన పది నిమిషాలు ఏరుకోవాలి. అందులో మండపం దీపాల కింద తీసినది, డ్రోన్‌ది, ఎవరో ఫోన్‌లో తీసి పంపినది, సన్నాయితో కలిసిపోయిన మంత్రం అన్నీ ఉండాలి. 'లక్ష్మీ', 'స్వాతి', 'కృష్ణ' వంటి పేర్లున్న ఒక తెలుగు టైటిల్ చేర్చాలి. ఆ పది నిమిషాలను ఎడియస్ ట్రయల్‌లోనూ, ప్రీమియర్ ట్రయల్‌లోనూ, ఉచిత రిజాల్వ్‌లోనూ, తాము నిజంగా వాడబోయే కంప్యూటర్‌పైనే మొదటి నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా నడిపి చూడాలి. పెదవులూ మాటా చివరిదాకా కలిసి ఉన్నాయా, కాలువ మీద డ్రోన్ కుదుపు లేకుండా సాగిందా, వత్తులు నిలబడ్డాయా, ఎక్స్‌పోర్ట్‌కు ఎంతసేపు పట్టింది అన్నవి రాసుకోవాలి. సగం దారిలో ఎక్స్‌పోర్ట్ ఆగిపోయినదానిని, అది ఎంత పేరున్న సాఫ్ట్‌వేర్ అయినా సరే, ముహూర్తాలు మొదలవకముందే పక్కన పెట్టేయాలి.